గడ దిగిన కుటుంబం

గడ పాతే గొయ్యి ఇంటి పెద్దే తవ్వుకునేవాడు. గునపంతో మోకాటి లోతు తీసి, అడుగున రాయి తగులుతుందేమో చెయ్యి పెట్టి తడిమి, నేల మెత్తగా ఉంటే నాలుగు బెడ్డలు వేసి కూరి, అప్పుడు గడ లేపమనేవాడు. నాలుగు దిక్కులా మోకులు లాగి గూటాలకు బిగించేవాళ్ళు. సాయం పడతామని ఊరి కుర్రాళ్ళు వస్తే వద్దనేవాడు కాదు గానీ, వాళ్ళు కొట్టిన ప్రతి గూటాన్నీ తర్వాత తాను కాలితో తన్ని చూసుకుని మరో రెండు దెబ్బలు వేసేవాడు. కాసేపట్లో ఆ గడ కొసకు ఎక్కేది ఆయన కూతురు. ఒక్కోసారి భార్య. కొడుక్కి పెళ్ళయితే కోడలు.

గడ ఆడే ఈ దొమ్మరి కుటుంబాలు మా వైపు దిగేది కీసరలో. కీసర అనగానే చాలామందికి హైదరాబాద్ పక్కనున్న కీసరగుట్ట గుర్తొస్తుంది. నేను చెప్పేది మున్నేటి ఒడ్డు కీసర. కంచికచర్లకూ నందిగామకూ నడుమ, 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉంటుంది. కార్లలో పోయేవాళ్ళకు ఇప్పుడది టోల్‌గేటు పేరు. హైదరాబాద్ నుంచి వస్తుంటే పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, ఆఖరుకి కీసర. టోల్‌గేట్లు లేని రోజుల్లో మా మెట్ట ఊళ్ళకు కీసర అంటే మున్నేటి వంతెన, దాని కింద ఇసుక. సంక్రాంతి వెళ్ళి ఏరు పాయలుగా చీలాక, ఒడ్డున ఆరిన నేల దొరికాక, గాడిదల మీద సామాను వేసుకుని దొమ్మరి కుటుంబాలు దిగేవి. ఈతాకు చాపలతో గుడిసెలు లేచేవి. వానాకాలంలో ఆ ఇసుక దరిదాపుల్లో ఒక్క గుడిసె కూడా ఉండేది కాదు. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర జాతీయ రహదారినే ముంచేస్తే టీవీల వాళ్ళు నోరు వెళ్ళబెట్టారు గానీ, ఏ నెలలో ఏరును నమ్మొచ్చో ఎప్పుడు నమ్మకూడదో ఆ గుడిసెల్లో పిల్లలకు కూడా తెలుసు.

అక్కణ్ణించి వాళ్ళ దారి నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపట్ల పల్లెలు. మాఘ పున్నమి నాటికి పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకు చేరాలి. జొన్న కళ్ళాలు సర్దుకునే రోజులు, మిరప కోతల రోజులు. జనం చేతిలో నాలుగు డబ్బులూ ఇంట్లో నాలుగు గింజలూ ఆడే కాలం అదొక్కటే. ఆ కాలాన్ని బట్టే వాళ్ళు నడిచేవాళ్ళు.

ఊళ్ళోకి వచ్చీ రాగానే ఆట పెట్టడం కుదరదు. ముందు మునసబు గారినీ కరణం గారినీ చూసుకోవాలి. చావిడి ముందు నిలబడి దణ్ణం పెట్టి, పెద్దల పేర్లూ వాళ్ళ తాతల పేర్లూ పొగడ్తలతో కలిపి చదవాలి. సరే అంటే రామాలయం ముందు మైదానమో, చెరువు గట్టు కింద బీడో చూపించేవాళ్ళు. ఆ సాయంత్రం డోలు మోగేది.

డోలు చాలాసార్లు తల్లి చేతిలో ఉండేది. ముందు చిన్నపిల్లల వంతు. పిల్లిమొగ్గలు, వెనక పల్టీలు, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడటం. ఇనప రింగులో ఒక కుర్రాడు దూరి బయటికి రావడం, తర్వాత అదే రింగులో ఇద్దరు దూరడం. రెండో వాడి భుజం ఇరుక్కుని ఎముక కదిలినట్టు కనిపించేటప్పటికి ఆడవాళ్ళు మొహం తిప్పుకునేవాళ్ళు. ఒక అమ్మాయి నడుం వెనక్కి వంచి, తల నేలకు ఆనించి, మట్టిలో గుచ్చిన సూదిని కంటిరెప్పలతో పట్టి తీసేది. పొట్ట మీద బండరాయి పెట్టించుకుని సమ్మెటతో పగలగొట్టించుకోవడం తండ్రి వంతు. తాటి మీద నడక ఆ తర్వాత. తలమీద మూడు చెంబులు, చేతిలో అడ్డంగా వెదురు, కాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య తాడు. ఆ నడకలో పిల్ల కింద జనాన్ని చూసేది కాదు, తాడునూ చూసేది కాదు. అవతలి కొసన కత్తెరగా పాతిన కర్రల్ని చూస్తూ నడిచేది. ఎక్కడ చూడాలన్నది వాళ్ళు నేర్పే మొదటి పాఠం కాబోలు.

గడ ఆట ఆఖరున. ఎక్కేముందు అమ్మాయి గడ మొదట్లో మట్టి చిటికెడు తీసి నుదుట పెట్టుకుని, ఇంకాస్త అరచేతులకు రాసుకునేది. చీరను గోచీ పోసి కట్టుకుని, రెండు పాదాల మధ్య వెదురును బిగించి పైకి పాకేది. కొసన చిన్న కర్రపట్టీ ఒకటి ఉండేది. దాని మీద కడుపు ఆనించి, చేతులూ కాళ్ళూ బార్లా చాచి, గిరగిరా తిరిగేది. అప్పటిదాకా హోరెత్తిన డోలు ఆ సమయానికి సన్నగిల్లేది. జనానికి అది ఉత్కంఠ. ఇంట్లో వాళ్ళకు అదొక సమాచారం. కింద అంతా సరిగ్గా ఉంది, మోకులు బిగువుగానే ఉన్నాయి, తిరుగు అని తల్లి కూతురికి చెప్పే కబురు. ఎక్కడైనా తేడా వస్తే దెబ్బ మారేది, పిల్ల జారుకుంటూ దిగిపోయేది. తండ్రి గడ మొదట్లో నిలబడి తలెత్తి చూస్తుండేవాడు. ఆయన రెండు చేతులూ ఖాళీగా ఉండేవి. ఆ కాసేపూ ఆయన చేతిలో కర్ర గానీ కండువా గానీ ఎవరూ చూసి ఉండరు. కింద వల లేదు. ఉన్నదల్లా ఆ చేతులే.

పెద్ద సర్కసులన్నీ చూశాక కూడా నాకు ఈ ఆటే గొప్పదనిపించడానికి కారణం ఇదే. డేరా సర్కసులో ఊయల మీంచి దూకే మనిషికీ పట్టుకునే మనిషికీ మధ్య జీతం ఉంటుంది, ఒప్పందం ఉంటుంది, కింద వల ఉంటుంది. గడ ఆటలో పడే మనిషీ పట్టే మనిషీ ఒకే కంచంలో తింటారు. పొద్దున కోపతాపాలొస్తే సాయంత్రం ఆటకు ముందే తీర్చుకోవాలి. మొగుడితో పోట్లాడి అలిగి కూర్చున్న కోడలు, ఆ మొగుడు బిగించిన మోకుల్ని నమ్మి గడ ఎక్కగలదా?

డబ్బులు అడిగే ఘట్టం కూడా అక్కడే వచ్చేది. పిల్ల తిరగడం ఆపి కొసన నిలకడగా ఉన్నప్పుడు డోలు టక్కున ఆగేది. తండ్రి కండువా నేల మీద పరిచి, "అయ్యగారూ, పెదకాపుగారూ, మీ చెయ్యి జారితే నా బిడ్డ చెయ్యి జారదు" అంటూ ఒక్కొక్కరి ముందుకూ వచ్చేవాడు. పావలాలు, అర్ధరూపాయిలు పడేవి. పేరున్న ఆసామి ఎవరైనా బిగుసుకుని కూర్చుంటే ఆయన వంశాన్నంతా పొగిడేవాడు, అప్పటికీ కదలకపోతే "దిగకే అమ్మా, అయ్యగారు ఇంకా చూస్తున్నారు" అని పైకి కేకేసేవాడు. జనం గొల్లున నవ్వేవాళ్ళు, ఆసామి జేబులో చెయ్యి పెట్టేవాడు. పిల్లను పైన పెట్టి అడుక్కోవడం ఏం పద్ధతని మా ఇళ్ళల్లో విసుక్కునేవాళ్ళు. ఏడాది పొడుగునా ఊరు చూపించిన చోట కూర్చుని, ఊరు పెట్టింది తిని, ఊరు పొమ్మంటే పోయే మనుషులకు ఊరితో బేరమాడగలిగిన వేళ ఆ కొద్ది నిమిషాలే. అది కూడా వదులుకుంటారా?

కొన్నిచోట్ల గడ ఎక్కిన ఆడమనిషి పొలిమేర నాలుగు వైపులా చూసి, వానలు పడాలని, పాడీ పంటా పెరగాలని దీవిస్తే ఊరికి మంచిదనుకునేవాళ్ళు. ఆ దీవెన కోసమే పిలిపించి ఆడించిన ఊళ్ళున్నాయి. గడ కొసన ఉన్నంతసేపు ఆమె అమ్మవారు. దిగాక అదే ఊళ్ళో ఏ ఇంటి అరుగు మీదా కూర్చోమనేవాళ్ళు కాదు. పాత చీర, మానెడు జొన్నలు, రాత్రి మిగిలిన కూడు. వాళ్ళ కులం పేరు ఊళ్ళో ఆడవాళ్ళను తిట్టడానికి తిట్టుగా వాడేవాళ్ళు. గడ ఆట గురించి ముచ్చటగా తలుచుకునే వ్యాసాలు ఈ సంగతి దగ్గరికి రాగానే పక్కదారి పడతాయి. అందుకే వాటిని చదువుతుంటే నాకు సగంలో విసుగొస్తుంది.

ఆట వయసు తక్కువేం కాదు. 13వ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైలం శివరాత్రి సంబరాన్ని వర్ణిస్తూ గడల మీద ఆడేవాళ్ళను చూపించాడు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద వేసిన సంపుటాల్లో దొమ్మరులకు చోటిచ్చాడు. తెల్లదొర కళ్ళతో చూసిన చూపది, అయినా వాళ్ళ సంచారం, ఆటలు, కట్టుబాట్లు కొంతైనా కాగితం మీదికి ఎక్కాయి. మన వాళ్ళలో ఆ పని శ్రద్ధగా చేసినాయన గుంటూరు జిల్లాలో పుట్టిన మనిషి. సినిమాల్లో రాజుగా, మంత్రిగా, తండ్రిగా మనం చూసిన మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి. ప్రజానాట్యమండలిలో పనిచేసి ఊరూరా తిరిగిన ఆ అనుభవంతో రాసిన 'తెలుగువారి జానపద కళారూపాలు' 1992లో వచ్చింది. బుర్రకథ, తోలుబొమ్మలాట సరసన దొమ్మరాటను కూర్చోబెట్టి, అదీ కళేనన్నాడు.

డేరా సర్కస్ దీనికి చాలా చిన్న తమ్ముడు. 1880లో విష్ణుపంత్ ఛత్రే బొంబాయిలో గ్రేట్ ఇండియన్ సర్కస్ మొదలుపెట్టాడు. తర్వాత కేరళలో తలస్సేరి గురువు కీలేరి కుంజికణ్ణన్ శిష్యులు దేశం నిండా డేరాలు లేపారు. తెలుగునాట ఆ జెండా ఎత్తినవాడు ఉత్తరాంధ్ర వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు. విజయనగరంలో వ్యాయామం నేర్పిన మనిషి సర్కస్ కంపెనీ పెట్టాడు. గుండె మీద ఏనుగును నిలబెట్టుకున్నాడు, ఛాతీకి చుట్టిన ఇనప గొలుసును ఊపిరి బిగబట్టి తెంచాడు, రెండు చేతులకూ కట్టిన కార్లను కదలకుండా ఆపాడు. లండన్‌లో ఐదో జార్జి రాజు దాకా వెళ్ళి ఇండియన్ హెర్క్యులిస్ అనిపించుకున్నాడు. 1942లో పోయాడు. ఇప్పుడు విశాఖ సాగరతీరంలో విగ్రహంగా నిలబడి ఉన్నాడు. విగ్రహానికి ఆయన అర్హుడే. నా మనసు మాత్రం ఆ పక్కనే ఒక గడనూ, దాని మొదట్లో ఖాళీ చేతులతో నిలబడ్డ ఒక తండ్రినీ ఊహించుకుంటుంది. శిల్పులు ఎందుకో అటు చూడలేదు.

బెజవాడకో ఖమ్మానికో సర్కస్ వచ్చిందంటే మా మెట్టలో సందడి వేరే. రాత్రిళ్ళు ఆకాశంలో సెర్చిలైటు తిరుగుతుందని డాబాలెక్కి చూసేవాళ్ళు. సింహాలు, ఏనుగు మీద కూర్చున్న అమ్మాయి, ఇనప గోళంలో మోటారు సైకిల్, బఫూన్ల తన్నులాట. 1980లో ఎన్టీఆర్ 'సర్కస్ రాముడు' వచ్చేనాటికి సర్కస్ అంటే సినిమాకు సరిపడా పెద్ద మాట. ఆ రోజుల్లోనే పల్లెల్లో సైకిల్ వీరులొకళ్ళు బయల్దేరారు. మైదానం మధ్య గుండ్రంగా దారి గీసుకుని, మైకులో పాటలు పెట్టి, రోజుల తరబడి కాలు నేలకు ఆనించకుండా సైకిల్ తొక్కేవాళ్ళు. స్నానం దాని మీదే, అన్నం దాని మీదే. ఆఖరి రోజున ట్యూబులైట్లు ఒంటి మీద పగలగొట్టుకుని, గొయ్యిలో పూడ్పించుకుని, లేచి వచ్చి చందా అడిగేవాళ్ళు. వాళ్ళ గురించి ఇంకెప్పుడైనా చెప్పుకోవాలి.

ఈ ఆటలన్నీ ఎలా పోయాయన్నదానికి ఒక్క కారణం చెప్పలేం. ముందు మునసబు, కరణం వ్యవస్థ పోయింది. ఊళ్ళోకి రమ్మనీ, కూర్చోమనీ చెప్పే మనిషే లేకుండా పోయాడు. తర్వాత టీవీ వచ్చింది. ఆదివారం పొద్దున రామాయణం వచ్చే వేళ ఏ గడా నిలబడలేకపోయింది. ఆ తర్వాత నేల పోయింది. రోడ్డు నాలుగు వరసలయ్యాక కీసర, నందిగామ, జగ్గయ్యపేట పొడుగునా బీడన్నది మిగల్లేదు. వెంచర్ల రాళ్ళు పాతారు, ప్రహరీలు లేచాయి. గడ పాతడానికి అడుగు నేల చాలు గానీ మోకులు లాగడానికి చుట్టూ చోటు కావాలి. జనం కూర్చోడానికి ఇంకా కావాలి.

డేరా సర్కస్‌కు చట్టాలు అడ్డొచ్చాయి. 1998లో కేంద్రం ఎలుగు, కోతి, పులి, చిరుత, సింహం, వీటిని ఆడించకూడదంది. 2001లో సుప్రీంకోర్టు ఆ మాటే ఖాయం చేసింది. 2011 ఏప్రిల్‌లో సర్కసుల్లో పిల్లల్ని పెట్టుకోవడాన్ని నిషేధించమని అదే కోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. సర్కస్ అభిమానులు చాలామంది ఈ తీర్పులే ఆటను చంపాయంటారు. పిల్లల విషయంలో నేను వాళ్ళతో కలవలేను. ఆట పట్ల ఎంత ప్రేమున్నా, నాలుగేళ్ళ పిల్ల నడుమును రోజూ పొద్దున్నే వెనక్కి వంచుతుంటే ఆ పిల్ల ఏడుస్తుందన్నది నిజం. నడుం లేతగా ఉన్నప్పుడే వంచాలి, ముదిరితే వంగదు. ఈ కళ గుట్టంతా అదే, ఇందులోని పాపమూ అదే. పిల్లల్ని ఆపితే ఆట ఆగుతుంది. ఆగనీ. కాకపోతే ఆట ఆపినవాళ్ళు ఆ పిల్లను బడిదాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాల్సింది. రెండు నెలలకొక ఊరు మారే గుడిసెకు ఏ బడి రిజిస్టరులో చోటుంది? ఏ చిరునామా మీద రేషన్ కార్డు ఇస్తారు? బీసీ–ఎ జాబితాలో కులం పేరైతే ఉంది. ఆ పేరుతో సర్టిఫికెట్ కావాలంటే ఊరు చెప్పమంటారు.

2023 ఏప్రిల్‌లో జెమిని శంకరన్ చనిపోయారు. 1951లో జెమిని సర్కస్ మొదలుపెట్టి, 'మేరా నామ్ జోకర్' తీయడానికి తన డేరా ఇచ్చి, సర్కస్‌కు ఈ దేశంలో ఒక మర్యాద తెచ్చిన పెద్దమనిషి. పత్రికలన్నీ బాగా రాశాయి, రాయాలి కూడా. గడ ఆటకు అలా రాయడానికి తేదీ ఏది? కీసరలో ఆఖరిసారి గడ ఎప్పుడు లేచిందో ఊళ్ళో అడిగితే ఒకరు తమ అక్క పెళ్ళయిన ఏడంటారు, ఇంకొకరు తుఫాను ముందో వెనకో అంటారు. ఒక ఏడాది రాలేదు. మరుసటేడు రాలేదన్న సంగతి కూడా ఎవరికీ పట్టలేదు.

ఇప్పుడు బెజవాడ సందుల్లో తాటి మీద నడిచే పిల్ల కనిపిస్తే ఆగి అడగండి. చాలాసార్లు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కుటుంబమై ఉంటుంది. డోలు బదులు స్పీకరులో హిందీ పాట. మన గడ ఎక్కిన వాళ్ళ పిల్లలు మాత్రం మన మధ్యే ఉన్నారు. ప్లాస్టిక్ సామాన్లు అమ్ముతున్నారు, ఇనప తుక్కు కొంటున్నారు, మిరప కోతలకు వస్తున్నారు. తిరుపతమ్మ తిరునాళ్ళలో జెయింట్ వీల్ పక్కన బొమ్మల కొట్టు పెట్టుకున్న మనిషి తాత ఒకప్పుడు అదే మున్నేటి ఒడ్డున గూటాలు కొట్టి ఉండొచ్చు.

మొన్న మిరప కోతలప్పుడు నందిగామ దగ్గర చేలో అలాంటి ముసలామె ఒకరు తగిలారు. చిన్నప్పుడు గడ ఎక్కిన మనిషి. కాయలు కోస్తున్న ఆ వేళ్ళు చూస్తే నమ్మకం కలిగింది. వంకర తిరిగి ఉన్నాయి గానీ పట్టు వదల్లేదు. నాలుగు మాటలయ్యాక ఉండబట్టలేక అడిగాను.

"పెద్దమ్మా, ఆ ఆట మళ్ళీ ఎప్పుడైనా ఆడాలనిపిస్తుందా?"

"ఎందుకయ్యా ఆడటం? కాళ్ళు నేల మీద పెట్టుకుని బతకొచ్చని తెలిశాక కూడానా?"

"మీ వాళ్ళకెవరికైనా నేర్పారా?"

ఆమె నవ్వింది. "మనవడున్నాడు బాబూ. ఐటీఐలో కరెంటు పని చదువుతున్నాడు. స్తంభం ఎక్కమంటే కాళ్ళు వణుకుతున్నాయంట, ఇంటికొచ్చి చెప్పాడు. మా అత్త బతికుంటే సిగ్గుతో చచ్చేది. నేనైతే ఆ పూట పప్పులో నెయ్యేసి పెట్టా."

అని, పక్క సాలులోకి జరిగి, గోనెసంచి దగ్గరికి లాక్కుంది.